రోరీ గాలహర్ వేదిక మీద ఉన్న రాత్రులు: మీకు గుర్తున్నవి ఇక్కడ రాయండి

వానతీగ:

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి పడుకునే ముందు ఐరిష్ బ్లూస్-రాక్ గిటారిస్ట్, గాయకుడు రోరీ గాలహర్ లైవ్ ఆల్బమ్ ‘ఐరిష్ టూర్ 74’ పెట్టుకున్నాను. ‘ఎ మిలియన్ మైల్స్ అవే’ సగం అయ్యేసరికి ఆపేయాల్సి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. హోటల్ బార్ నిండా జనం, వాళ్ళ మధ్య కూర్చున్న మనిషి మాత్రం ఎక్కడో పది లక్షల మైళ్ళ దూరంలో ఉంటాడు. పాటలో ఉన్నది అంతే. 1973లో ‘టాటూ’ ఆల్బమ్‌లో వచ్చిన స్టూడియో పాట కూడా నాకు ఇష్టమే. కానీ కచేరీలో తొమ్మిది నిమిషాలు దాటిన ఆ రూపం వింటుంటే, ఆ బార్‌లో నా పక్క కుర్చీలోనే ఆయన కూర్చున్నట్టు ఉంటుంది.

రోరీ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. 1995 జూన్ 14. నలభై ఏడేళ్ళు, అంతే. నేను ఆయన్ని చూడలేదు, రికార్డింగులే దిక్కు. ఇక్కడ నేరుగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేకపోయినా ఫర్వాలేదు, మిమ్మల్ని కదిలించిన ఒక్క కచేరీ గురించి రాయండి. ‘గొప్ప గిటారిస్ట్’ అని ఒక్క ముక్కలో రాసి వెళ్ళిపోకండి. ఏ క్షణంలో ఏమైందో చెప్పండి.

ఆరుతీగలు:

మంచి పని చేశారు వానతీగ గారూ. మీరు ఆపేసింది పాట మధ్యలో వాయిద్యాలన్నీ తగ్గిపోయే చోటే అయి ఉంటుంది. నేనూ అక్కడ చాలాసార్లు ఆగిపోయాను.

ఇరవై ఏళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో కాస్త చెప్తాను. రోరీ కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పిక్‌తో తీగ మీటుతూనే ఆ వేలితో వాల్యూమ్ నాబ్‌నో టోన్ నాబ్‌నో తిప్పుతుంటాడు. వాల్యూమ్ తగ్గిస్తే ఆంప్లిఫయర్ మీద భారం తగ్గి గరగర పోతుంది, శబ్దం శుభ్రంగా, గాజులా వస్తుంది. మళ్ళీ పెంచితే అదే తీగ అరుస్తుంది. కాలి కింద పెడల్స్ వరస పెట్టుకోకుండా, వేళ్ళతోనే గుసగుస నుంచి కేక దాకా వెళ్తాడు. అందుకే అది మనిషి గొంతులా వినిపిస్తుంది. మనం మాట్లాడేటప్పుడు గొంతు పెంచడానికి మీట నొక్కం కదా.

తొలి రోజుల్లో వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్, దాని ముందు గిటార్ శబ్దాన్ని పెంచి పదును పెట్టే రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె, ఇవే ఆయన సరంజామా. క్వీన్ రాక్ బృందం గిటారిస్ట్ బ్రయాన్ మే కుర్రాడిగా ఉన్నప్పుడు లండన్ మార్క్వీ క్లబ్‌లో కచేరీ అయ్యాక ఉండిపోయి, ఈ శబ్దం ఎలా తెస్తున్నారని రోరీనే అడిగాడు. రోరీ ఏమీ దాచకుండా చెప్పాడు. మే వెళ్ళి అవే కొనుక్కున్నాడు. ఈ సంగతి మేనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

కొత్తచెవి:

నా మాట ఇక్కడ చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా నిజాయితీగా రాస్తున్నాను. రోరీ పాటలు స్టూడియోవి బాగున్నాయి. లైవ్ వింటే నాకు గందరగోళంగా ఉంది. వేగం పెరిగిపోతుంది, శృతి అక్కడక్కడా జారుతుంది, సోలోలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియదు. అందరూ ‘భావోద్వేగం’ అంటున్నది ఇదేనా? తప్పులు ఉంటేనే భావం ఉన్నట్టా? తెలుసుకుందామనే అడుగుతున్నాను.

పాతటేపు:

తమ్ముడూ, నీ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ ఒకటి చూడు. ‘ఐరిష్ టూర్ 74’లో ‘యాజ్ ద క్రో ఫ్లైస్’ ఉంది. టోనీ జో వైట్ రాసిన పాట. బ్యాండ్ మొత్తం ఆగిపోతుంది. రోరీ ఒక్కడే నేషనల్ స్టీల్ అనే లోహపు గిటార్, మౌతార్గాన్ పట్టుకుని వాయిస్తాడు. అక్కడ ఒక్క స్వరం కూడా దారి తప్పదు. జాగ్రత్తగా వాయించడం ఆయనకు బాగా వచ్చు. బ్యాండ్‌తో వాయించేటప్పుడు జాగ్రత్తను కావాలనే పక్కన పెట్టేవాడని నేను అనుకుంటాను.

బెల్‌ఫాస్ట్_డాక్టర్:

ఈ చర్చ మా అమ్మాయి చూపించింది. నా వయసు ఎనభైకి దగ్గర పడింది, టైపింగ్ నెమ్మది. అయినా వానతీగ గారు అడిగారు కాబట్టి రాస్తాను.

నేను 1970లలో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జూనియర్ డాక్టర్‌ని. కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య హింస సాగుతున్న కాలం అది. రోరీని అల్స్టర్ హాల్‌లో రెండుసార్లు చూశాను. ఆ ఊరు అప్పుడు ఎలా ఉండేదో తెలియకపోతే ఆ కచేరీలు అర్థం కావు, అందుకే ముందు అది చెప్తాను. సాయంత్రం అయితే నగరం మధ్య భాగం ఖాళీ. ఇనుప గేట్లు, వాటి దగ్గర సంచులు వెతికే సైనికులు. బట్టల షాపులోకి వెళ్ళాలన్నా ఒళ్ళు తడిమించుకోవాలి. క్యాజువాలిటీలో మా పని ఎలా ఉండేదో ఇక్కడ రాయను. పేలుడు శబ్దం వినిపించిన ఎన్ని నిమిషాలకు మొదటి అంబులెన్స్ వస్తుందో మాకు అలవాటుగా తెలిసేది. అంత వరకు చెప్తే చాలు.

బయటి బ్యాండ్లు దాదాపు రావడం మానేశాయి. వాళ్ళను తప్పు పట్టను. 1975 జులైలో మయామీ షోబ్యాండ్ వాళ్ళు కచేరీ ముగించుకుని డబ్లిన్ తిరిగి వెళ్తుంటే దారిలో ఆపి ముగ్గురిని చంపేశారు. పాటలు పాడేవాళ్ళని. ఆ తర్వాత ఎవరు వస్తారు?

రోరీ వచ్చేవాడు. ఏటేటా, ఎక్కువగా క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ అటూ ఇటూ. 1972 జనవరి 1న కూడా అదే హాల్‌లో వాయించాడు. ముందు రాత్రి ఊరంతా బాంబులు. నేను అప్పటికి అక్కడికి రాలేదు, కానీ ఆ కచేరీ గురించి వార్డులో నర్సులు ఏళ్ళ తరబడి చెప్పుకునేవారు.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఒక వార్డ్ అటెండెంట్. నాకు రాక్ సంగీతం ఏమీ తెలియదు. రెండు రాత్రులు వరసగా డ్యూటీ చేసి, నిద్ర లేక తూలుతూ వెళ్ళాను. లోపల వెయ్యి మంది. నాకు మొదట తట్టింది సంగీతం కాదు. ఆ ఊళ్ళో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకే గదిలో ఇంతమంది భుజాలు తగిలేలా నిలబడటం అప్పటి వరకు నేను ఆసుపత్రిలో తప్ప ఎక్కడా చూడలేదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ల మీద చూసేవాణ్ణి. ఇక్కడ అందరూ కాళ్ళ మీద నిలబడి ఉన్నారు.

అతను గళ్ళ చొక్కా, జీన్స్‌తో వచ్చాడు. బయట వీధిలో ఎదురైతే మెకానిక్ అనుకుంటాం. ఆర్భాటంగా మాటలేమీ లేవు, చిన్నగా నవ్వి మొదలుపెట్టాడు. రెండో పాటకే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మధ్యలో మాండొలిన్ తీసుకుని ‘గోయింగ్ టు మై హోమ్ టౌన్’ అందుకున్నాడు. డ్రమ్స్ అక్కర్లేకపోయింది, వెయ్యి జతల కాళ్ళు చెక్క నేల మీద తాళం వేశాయి. నేల అదరడం నా మోకాళ్ళ దాకా తెలిసింది. ఆ ఊళ్ళో నేల అదిరితే మా అందరికీ ఒకటే అర్థం. ఆ రాత్రి మాత్రం నేల అదురుతుంటే జనం నవ్వుతున్నారు. నా పక్కన ఉన్న కుర్రాడికి ఇరవై ఉంటాయేమో, ఏడుస్తూ కాళ్ళతో కొడుతున్నాడు. నేను అతన్ని ఏమీ అడగలేదు. కాసేపటికి నేనూ కొట్టాను.

కొత్తచెవి గారూ, శృతి జారిందో లేదో నాకు తెలియదు బాబూ. ఆ రాత్రి తిరిగి వెళ్ళి పద్నాలుగు గంటలు నిద్రపోయాను. అక్కడ చేరాక అలా పడుకోవడం అదే మొదటిసారి.

వానతీగ:

డాక్టర్ గారూ, నాకు మాట రావడం లేదు. మీ అమ్మాయి గారికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి. వీలున్నప్పుడల్లా రాయండి, ఎంత నెమ్మదిగా అయినా సరే.

లీనది_ఒడ్డు:

డాక్టర్ గారు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉంటాను, ఉద్యోగం కోసం వచ్చి తొమ్మిదేళ్ళు. రోరీ పుట్టింది డోనెగల్‌లోని బాలీషానన్‌లో అయినా, పెరిగిన ఊరు ఇదే కాబట్టి వీళ్ళు ఆయన్ని తమవాడే అంటారు. పేరు కూడా ఇక్కడికి వచ్చాకే సరిగ్గా పలకడం నేర్చుకున్నాను. ‘గాలగర్’ అంటే నా సహోద్యోగి ఒకాయన ఆగి, ‘గాలహర్’ అని మెల్లగా సరిదిద్దాడు. తన అన్న పేరు తప్పు పలికినట్టు ఫీలయ్యాడు.

1963లో రోరీ తన స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నది కార్క్‌లోనే, క్రౌలీ అనే వాయిద్యాల దుకాణంలో. వంద పౌండ్లకు కొంచెం తక్కువ, వాయిదాల మీద. అప్పటికి ఆయనకు పదిహేనేళ్ళు. అంత అప్పు ఎందుకని వాళ్ళమ్మ బెంగపడితే, ఈ గిటార్ ఉంటే బ్యాండ్‌లో రెండో గిటారిస్ట్ అక్కర్లేదు, ఆ వాటా కూడా నాకే వస్తుందని నచ్చజెప్పాడట. తమ్ముడు డోనల్ ఈ సంగతి చెప్పేవాడు. అన్న వెంట జీవితమంతా మేనేజర్‌గా నడిచిన మనిషి ఆయన.

ఇక్కడ పాల్ స్ట్రీట్ దగ్గరి చిన్న కూడలికి రోరీ పేరే పెట్టారు, శిల్పం కూడా ఉంది. ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు దాని పక్కగానే వస్తాను. శనివారం ఎవరో ఒకరు అక్కడ గిటార్ వాయిస్తూ కనిపిస్తారు. సమాధి ఊరి బయట బాలిన్‌కాలిగ్‌లో. ఒకసారి వెళ్ళాను. ఎవరో గిటార్ పిక్‌లు వదిలి వెళ్ళారు. నా దగ్గర పెట్టడానికి ఏమీ లేక ఊరికే కాసేపు నిలబడి వచ్చాను.

ఆరుతీగలు:

లీనది గారు గిటార్ సంగతి ఎత్తారు కాబట్టి ఆగలేకపోతున్నాను. ఫోటోల్లో చూస్తే దాని రంగు దాదాపు మొత్తం ఊడిపోయి చెక్క కనిపిస్తుంది. అది 1961లో తయారైంది. కొత్తలో నిగనిగలాడే సన్‌బర్స్ట్ రంగు, అంటే మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండేది. దాన్ని అలా చేసింది ప్రధానంగా ఆయన చెమట. దానికి తోడు డబ్లిన్‌లో ఒకసారి దొంగలు ఎత్తుకుపోయి వానలో ఎక్కడో పడేశారు, రోజుల తర్వాత దొరికింది. ఇక దాన్ని వదలనని అప్పుడే అనుకున్నాడట. దాని మెడ చెమట తాగీ తాగీ వంగిపోతే, విప్పి తేమ ఆరేదాకా పక్కన పెట్టారు. ఆరాక మళ్ళీ తన ఆకారానికి వచ్చింది.

ఇప్పుడు కొత్త గిటార్లనే అలా గీకి, రుద్ది, పాతవాటిలా చేసి ఎక్కువ ధరకు అమ్ముతారు. నాకు బాధగా ఉంటుంది. ఆ చెక్క మీద ఉన్నది ముప్పై ఏళ్ళ కచేరీల లెక్క. దాన్ని ఫ్యాక్టరీలో ఎలా వేస్తారు?

పాతటేపు:

జిమి హెండ్రిక్స్‌ని ఎవరో ‘ప్రపంచంలో గొప్ప గిటారిస్టుగా ఉండటం ఎలా ఉంటుంది’ అని అడిగితే, ‘నాకు తెలియదు, రోరీని అడగండి’ అన్నాడట. అంతకంటే ఏం కావాలి!

ఆరుతీగలు:

అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ మాటకు రికార్డింగ్ గానీ, ఆనాటి పత్రికలో అచ్చు గానీ ఎవరూ చూపించలేదు. ఇదే మాటను ఇంకా ఇద్దరు ముగ్గురు గిటారిస్టుల పేరుతో కూడా తిప్పుతారు. రోరీకి ఆ కిరీటం అక్కర్లేదు. నిజంగా జరిగినవే చాలు. 1970 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో తన తొలినాటి బృందం టేస్ట్‌తో వాయిస్తే జనం మళ్ళీ మళ్ళీ వెనక్కి పిలిచారు. తెర వెనక ఆ బృందం అప్పటికే విడిపోతోంది, వేదిక మీద ఆ జాడ కనిపించదు. తర్వాత లండన్‌లో అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డింగ్‌కి రోరీ తన కచేరీ ముగించుకుని కారులో ఆలస్యంగా చేరితే, మడ్డీ మొదలుపెట్టకుండా ఎదురుచూశాడు. 1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ పిలిస్తే రోటర్‌డామ్ వెళ్ళి కొన్ని రాత్రులు వాళ్ళతో వాయించాడు. తర్వాత జపాన్ టూర్ మాట ఇచ్చానని వెళ్ళిపోయాడు. టికెట్ కొన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారని స్టోన్స్‌ని వదిలి వెళ్ళిన మనిషి ఆయన. నాకు హెండ్రిక్స్ మాట కంటే ఇది పెద్దది.

పాతటేపు:

ఒప్పుకున్నాను తమ్ముడూ. ఇక ఆ మాట ఎక్కడా రాయను.

కొత్తచెవి:

మూడు రోజులు గడువు తీసుకున్నాను. డాక్టర్ గారి అనుభవం చదివాక ‘ఐరిష్ టూర్ 74’ మళ్ళీ మొదటి నుంచి విన్నాను, ఈసారి హెడ్‌ఫోన్స్‌లో గిటార్ వదిలేసి జనాన్ని మాత్రమే వింటూ. ‘వాక్ ఆన్ హాట్ కోల్స్’లో ఆయన వేగం పెంచేది తనంతట తాను కాదు. జనం చప్పట్లు ముందుకు తోస్తాయి, ఆయన వాళ్ళతో పరిగెత్తుతాడు. లూ మార్టిన్ కీబోర్డ్ వెంటనే అందుకుంటుంది, గెరీ మెకవాయ్ బేస్ కింద నుంచి పట్టుకుంటుంది. నేను గందరగోళం అన్నది ఇదే. ఎవరినీ వెనక వదిలేయకూడదన్న తొందర అది.

సోలోలు కొన్ని ఇప్పటికీ నాకు పొడుగే. అది మాత్రం మార్చుకోను.

బెల్‌ఫాస్ట్_డాక్టర్:

మార్చుకోకండి. గెరీ మెకవాయ్ బెల్‌ఫాస్ట్ కుర్రాడే. అతని పేరు చెప్పగానే హాల్ పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవారు.

నీలిరాగం:

చివరి ఏళ్ళ గురించి ఎవరూ రాయడం లేదు. నాకు అవే ఎక్కువ గుర్తొస్తాయి. 1994లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ సంగీతోత్సవంలో వాయించిన వీడియో చూశారా? ముఖం ఉబ్బిపోయి, ఒళ్ళు బరువెక్కి, 74 నాటి మనిషేనా అనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆపేశాను. ఏడాది తర్వాత ధైర్యం చేసి మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాను. శరీరం సహకరించని చోట స్వరాలు తగ్గాయి, కానీ ఉన్న ప్రతి స్వరానికీ బరువు పెరిగింది. కుర్రతనంలో పది స్వరాల్లో చెప్పింది ఇక్కడ రెండింటిలో చెప్పాడు. ఆరోగ్యం బాగాలేనివాణ్ణి మెచ్చుకోవడానికి సాకు వెతుకుతున్నానని అనుకోకండి, వినండి.

ఆఖరి కచేరీ 1995 జనవరి 10న, రోటర్‌డామ్‌లోని నైట్‌టౌన్‌లో. తర్వాత ఐదు నెలలకు లేడు.

డాక్టర్ గారూ, ఒకటి అడగవచ్చా? ఆయన తాగుడు వల్లే పోయాడని తేలిగ్గా అనేస్తుంటారు. నాకు ఆ మాట వినడం కష్టంగా ఉంటుంది.

బెల్‌ఫాస్ట్_డాక్టర్:

నేను చూసిన రోగి కాదు, కాబట్టి అందరికీ తెలిసినంత వరకే చెప్తాను. అతనికి విమానమంటే భయం పట్టుకుంది. ఏడాదంతా ప్రయాణాలే అయిన మనిషికి అది ఎంత హింసో ఊహించండి. ఆందోళన తగ్గడానికి డాక్టర్లు మందులు రాశారు. ఆ మందులూ, మద్యమూ కలిసి కాలేయాన్ని దెబ్బతీశాయి. 1995లో లండన్‌లో కాలేయ మార్పిడి చేశారు. కోలుకుంటున్న దశలో ఇన్ఫెక్షన్ సోకింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని రకం. మార్పిడి తర్వాత శరీరం కొత్త కాలేయాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచుతారు. అలాంటప్పుడు అలాంటి ఇన్ఫెక్షన్ వస్తే పోరాడటానికి ఒంట్లో ఏమీ మిగలదు.

‘తాగి పోయాడు’ అన్న రెండు ముక్కల్లో ఇందులో ఏదీ కనిపించదు. ఎవరైనా అంటే ఈ మాట చూపించండి.

నీలిరాగం:

చూపిస్తాను డాక్టర్ గారూ. థాంక్స్.

లీనది_ఒడ్డు:

ఇక్కడి విశేషం ఒకటి రాయడం మర్చిపోయాను. 2024 అక్టోబర్‌లో ఆ స్ట్రాటోకాస్టర్‌ని లండన్‌లో వేలం వేశారు. వేలానికి ముందు ఇక్కడ అందరికీ ఒకటే టెన్షన్, ఎవరైనా సంపన్నుడు కొని గదిలో పెట్టి తాళం వేసేస్తాడేమోనని. మా ఆఫీస్‌లో రాక్ సంగీతం అసలు వినని ఆవిడ కూడా ‘అది దేశం దాటకూడదు’ అంది. చివరికి 8,89,400 పౌండ్లకు ఐర్లండ్‌లో కచేరీలు నిర్వహించే సంస్థే కొని, నేషనల్ మ్యూజియం ఆఫ్ ఐర్లండ్‌కు ఇచ్చేసింది. వంద పౌండ్ల అప్పుతో మొదలైన గిటార్. ఆ సాయంత్రం కూడలిలో చాలామంది కనిపించారు.

ఇంకొకటి, డాక్టర్ గారి కోసం. 2025 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లో అల్స్టర్ హాల్ బయటే రోరీ విగ్రహం పెట్టారు. వచ్చే వారం ఆఫీస్ పని మీద బెల్‌ఫాస్ట్ వెళ్తున్నాను. మీకు ఫోటో తీసి పెట్టనా?

బెల్‌ఫాస్ట్_డాక్టర్:

విగ్రహం ఫోటోలు మా అమ్మాయి చూపించిందమ్మా. బాగుంది. నాకు వేరే పని చేసి పెట్టగలవా? బెడ్‌ఫర్డ్ స్ట్రీట్‌లో హాల్‌కి ఎదురుగా, రోడ్డుకి అవతల నిలబడు. మేం అక్కడే క్యూ కట్టేవాళ్ళం. సైనికుల జీపు నెమ్మదిగా పక్కనుంచి వెళ్తుంటే అందరం మాటలు ఆపేసేవాళ్ళం, అది దాటాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడు సాయంత్రం ఆరు తర్వాత ఆ వీధి ఎలా ఉంటుందో చూసి రాయి.

లీనది_ఒడ్డు:

తప్పకుండా రాస్తాను డాక్టర్ గారూ.

లీనది_ఒడ్డు:

డాక్టర్ గారూ, ఇప్పుడే గదికి వచ్చాను. ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా మీరు చెప్పిన చోటే నిలబడ్డాను. సన్నగా వాన. వీధి నిండా మనుషులు, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, తినడానికి వెళ్ళేవాళ్ళు. ఎవరూ ఎవరి సంచీ వెతకలేదు. పదహారేళ్ళ అమ్మాయి ఒకతె గిటార్ బ్యాగ్ వీపున వేసుకుని విగ్రహం దగ్గర ఆగింది. ఆయన వేళ్ళు ఏ ఫ్రెట్ మీద ఉన్నాయో వంగి చూసి, తన ఎడమ చేతి వేళ్ళని గాల్లో అలాగే పెట్టుకుని చూసుకుంది. తర్వాత బస్సు వచ్చిందని పరిగెత్తింది.

బెల్‌ఫాస్ట్_డాక్టర్:

హాల్ తలుపులు తెరిచి ఉన్నాయా?

లీనది_ఒడ్డు:

తెరిచే ఉన్నాయి. లోపల ఏదో కచేరీకి సౌండ్ చెక్ చేస్తున్నారు. నాకు డ్రమ్స్ మాత్రం వినిపించాయి.